మస్తు తువ్వాళ్లు

శనివారం పొద్దున దుబ్బాకలో రాజం పెట్టుకున్న పని ఒక్కటే, మహారాష్ట్రలోని భివండికి తీసుకెళ్లే బ్యాగుకు ఊడిన జిప్పు కుట్టించడం. సోమవారం అక్కడి పవర్‌లూములకు మళ్లీ పోవాలి. ఇంట్లో మగ్గం ఉంది, నేసే చేతులున్నాయి, కొనేవాళ్లే లేరు. అతను పోవడం ఇష్టం లేక భార్య సుశీల రెండు రోజులుగా మాట్లాడటం లేదు. వంటింట్లో గిన్నెలు మాత్రం గట్టిగానే మాట్లాడుతున్నాయి.

బ్యాగు చంకలో పెట్టుకున్నాడో లేదో ఫోన్ మోగింది. బెంగళూరులో చేనేత దుకాణం నడిపే సంహిత. తువ్వాళ్లు చూడటానికి సిద్దిపేట వచ్చి హోటల్లో దిగింది. ఆమె తెలుగులో సగం ఇంగ్లిషే ఉంటుంది.

"ఈవెనింగ్ రండి. శాంపిల్ టవల్స్ తీసుకురండి. అట్ మోస్ట్, ఫైవ్. వస్తారు కదా?"

"మాక్సిమం వస్త మేడం," అన్నాడు రాజం.

దాదాపు ఖాయంగా వస్తానని అతని ఉద్దేశం. ఆ వీధిలో మాక్సిమం అంటే అంతే. ఐదుకు మించి తేనని మాట ఇచ్చాడని సంహిత అనుకుంది. ఇద్దరూ సంతోషంగా ఫోన్ పెట్టేశారు.

"ఏమంటుంది?" సుశీల మౌనవ్రతం వదిలేసింది.

"మస్తు తువాలలు కావాల్నట. ఐదింటికి రమ్మన్నది."

"మస్తు అన్నదా?"

"నా చెవులతోని విన్న. మస్తు, ఫైవ్ అన్నది."

ఇంట్లో ఉన్నవి పన్నెండు. మస్తు అన్నచోట పన్నెండు ఏ మూలకు? సుశీల పక్కింటి సిద్ధయ్యకు చెప్పింది, సిద్ధయ్య వీధికంతా చెప్పాడు. మధ్యాహ్నానికి రాజం అరుగు మీద ఏడు మూటలు చేరాయి. మగ్గం ఎప్పుడో మూలకు పడ్డ పద్మమ్మ కూడా దండెం మీది పాత తువ్వాల తీసుకుని వచ్చింది.

"మా ఆయన నేసింది బిడ్డా. మస్తుల గిదొకటి వేస్కో."

వద్దనడానికి రాజానికి మనసొప్పలేదు. ట్రాలీ ఆటో కదులుతుంటే సిద్ధయ్య వేలు చూపించాడు. "మా మూటలు అమ్మినంకనే ఇంటికి రావాలె రాజం."

సరిగ్గా ఐదింటికి రాజం, సుశీల, డిగ్రీ చదివే కూతురు రిషిత కలిసి మూటలన్నీ హోటల్ గదిలోకి చేరవేసి విప్పసాగారు. సంహిత కూర్చున్న కుర్చీ తప్ప గదిలో మరేమీ కనబడలేదు.

"అట్ మోస్ట్ ఫైవ్ అన్నాను కదండీ."

"ఐదింటికే వచ్చినం కద మేడం."

సంగతి ముందుగా రిషితకు అర్థమైంది. "బాపు, అట్ మోస్ట్ అంటే మస్తు కాదు. ఐదు తువాలలు దాటొద్దని."

రాజం ఒక మూట మీద కూలబడ్డాడు. పాపం, ఆశ ఉన్న చెవికి అలాగే వినబడుతుంది. ఊళ్లో సిద్ధయ్య ముఖం ఎలా చూడాలి? సోమవారం ఎటూ భివండి తప్పదు. సుశీల విప్పిన మూటలు మళ్లీ కట్టసాగింది. వాటిలోంచి పద్మమ్మ తువ్వాల జారి సంహిత కాళ్ల దగ్గర పడింది.

సంహిత దాన్ని తీసి చెంపకు ఆనించుకుంది. "ఎన్నేళ్లది ఇది?"

"ముప్పై ఏండ్లు దాటింది. పెద్దమ్మ రోజూ ఉతుకుతది," అంది సుశీల.

"అంచు రంగు కొంచెం కూడా పోలేదే. ఇలాంటిది ఎవరైనా నేస్తారా?"

"నాకు పని నేర్పిందే ఇది నేసిన వాళ్లాయన మేడం," అన్నాడు రాజం నేల చూస్తూ.

ఐదే అని సరిగ్గా విని ఉంటే అతను కొత్తగా మెరిసేవి ఐదు ఏరి తెచ్చేవాడు. అలాంటివి ఆమె దుకాణంలో బోలెడు.

"ఇలాంటివే కావాలి. నెలకు అట్ లీస్ట్ హండ్రెడ్. మీ వీధిలో అందరూ నేయండి."

రాజం కూతురి వైపు తిరిగాడు. "రాసుకో బిడ్డా, లిస్టు అంటుంది."

"లిస్టు కాదు బాపు. నెలకు వందకు తక్కువ కావొద్దంటుంది."

గది నిండా తువ్వాళ్లున్నా రాజం చొక్కా చేతితోనే కళ్లు తుడుచుకున్నాడు.

మూటలు మళ్లీ ట్రాలీకి ఎక్కాయి. సుశీల కూడా ఎక్కబోతూ అడిగింది. "గట్లయితే సోమవారం భివండి పోవు కద?"

"మాక్సిమం పోను."

సుశీల ఎత్తిన కాలు కిందికి దించింది. ఆ మాట తెలుగులో చెప్పేదాకా ట్రాలీ ఎక్కలేదు.