చచ్చి లేచిన పాటగాడు

శనివారం పొద్దున లూదియా వేసుకున్న పథకం చిన్నది. నాయనను ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల తీసుకుపోవాలి, మార్నింగ్ షోలో సగం సినిమా చూపించాలి, ఇంటర్వెల్‌కు లేపుకొని రావాలి. ఆ సినిమా అమెరికాలో పేరుమోసిన ఒక రాక్ పాటగాడి జీవితం. కథంతా ఆమె వారపత్రికలో చదివింది. మొదటి సగంలో వాడు పసివాడుగా చర్చిలో పాడతాడు, గిటార్ పట్టి పైకొస్తాడు. రెండో సగంలో తాగి తాగి స్టేజీ మీదే చస్తాడు. ఆ సగం నాయన కంట పడకూడదు.

మరునాడు ఆరాధన కాగానే సంఘం కమిటీ కూర్చుంటుంది. టీచర్ ట్రైనింగ్ నాటి నుంచి లూదియా వాయిస్తున్న గిటార్ చర్చిలో ఉండాలా వద్దా తేలుస్తుంది. చర్చిలోకి హార్మోనియం నాటకాలవాళ్ల దగ్గర నుంచి వచ్చినప్పుడు ఎవరి పరలోకమూ మూతపడలేదు గదా అని ఆమె వాదించి చూసింది. ఎవరు వింటారు? కమిటీ అంతా మగవాళ్లు. వాళ్లలో ఒక్కరికీ పాట రాదు. తీర్పు చెప్పడం మాత్రం అందరికీ వచ్చు. వాళ్లకు పెద్ద లూదియా నాయన జ్ఞానప్రకాశమే.

"ఇంగ్లీషు సినిమా, అదీ పొద్దుటాట. ఎవురన్నా చూస్తే మొగం యాడ పెట్టుకునేది?" అన్నాడాయన బస్సు దిగుతూ. ఇంగ్లీషు మార్నింగ్ షోకు ఎలాంటివాళ్లు దేనికోసం పోతారో ఊరంతటికీ తెలుసు మరి.

"చర్చిలో పాడినోని కథ నాయనా. చూడకుండా చెప్తే అది తీర్పు గాదు."

ఆయన తువ్వాలు తీసి కళ్లు తప్ప ముఖమంతా చుట్టుకున్నాడు. ఆ వేషం వల్లే దానమ్మ దృష్టి ఆయన మీద పడింది. ఆళ్ళగడ్డ స్త్రీల సమాజానికి ఆమె నాయకురాలు. చీరలు కొనడానికి మరో నలుగురిని వెంటేసుకొని వచ్చి, సినిమా హాలు ముందు నుంచే పోతోంది.

"ఏందన్నా, పన్ను నొప్పా? మొగం అట్ల కట్టుకోని ఉండావ్."

"దేవుని సినిమామ్మా," అనేశాడు జ్ఞానప్రకాశం. "సంఘానికి పనికొస్తాదేమో చూద్దామని వచ్చినా."

దానమ్మ పోస్టర్ వైపు చూసింది. తెల్లబట్టలు, భుజాల దాకా జుట్టు, పైకెత్తిన చేతులు. "ప్రభువు మాదిరే ఉండాడు. పదండి, మనమూ చూద్దాం," అంది ఆడవాళ్లతో.

దీపాలు ఆరాయి. తెర మీద చర్చి లేదు, పసివాడు లేడు. పొట్ట పెరిగిన ఒక మనిషి సీసా ఎత్తి గటగటా తాగుతున్నాడు. లూదియా ఒక్క ఉదుటున లేచి ఆపరేటర్ గదికి పోయింది.

"సినిమా తిరగేసినావేందన్నా?"

"ఒకటే ప్రింటు తల్లీ. రాత్రి డోన్‌లో ఆడి పొద్దున బస్సులో ఈడికొస్తాది. మొదటి సగం రీళ్ల పెట్టె ఇంకా రాలా. వచ్చింది ఏసినా. ఇంగ్లీషే గదా, ఎట్ల చూసినా ఒకటే."

ఆమె తిరిగొచ్చి నాయన భుజం పట్టి లాగింది. "లేయ్, పోదాం."

"యాడికి పోయేది? దేవుని సినిమా అని చెప్పింటి. ఇప్పుడు లేస్తే నేను అబద్ధికున్ని. కూచో మే."

కూర్చున్నారు. పాటగాడు పెళ్లాన్ని కొట్టాడు, మళ్లీ తాగాడు, స్టేజీ మీద కుప్పకూలాడు. పూడ్చిపెట్టారు.

"ఈయప్ప దేవుని మనిషాన్నా?" అంది దానమ్మ.

"ఇంకా ఉండాది, చూడు," అన్నాడు జ్ఞానప్రకాశం పళ్లు బిగబట్టి. తర్వాత కూతురి చెవిలో అన్నాడు: "రేపు ఆ గిటార్‌ను నేనే పొయ్యిలో పెడ్తా."

ఇంటర్వెల్ అయ్యేసరికి డోన్ నుంచి మొదటి పెట్టె దిగింది. తెర మీద ఒక బిడ్డ పుట్టాడు. తల్లి వాడిని చచ్చిన పాటగాడి పేరుతోనే పిలిచింది. ఇంగ్లీషు రాకపోయినా ఆ పేరు అందరికీ తెలిసింది. దానమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"చచ్చినోడు తిరిగి జన్మించినాడే."

పసివాడు చర్చిలో పాడాడు. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. వాడు పెరిగాడు, గిటార్ పట్టాడు, సీసా ముట్టలేదు. చివరికి తెల్లబట్టలతో, చేతులు పైకెత్తి, కళ్లు చెదిరే వెలుగులో నిలబడ్డాడు. ఆపరేటర్ అలవాటు కొద్దీ 'విశ్రాంతి' అని స్లైడు వేశాడు. ఆడవాళ్లంతా ఆమెన్ అన్నారు. జ్ఞానప్రకాశం ముఖం మీది తువ్వాలు ఎప్పుడో జారిపోయింది. అది తడిగా ఉంది.

ఆదివారం దానమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పింది. తాగుబోతు చచ్చి, తిరిగి జన్మించి, గిటార్‌తో మహిమలోకి పోయిన వైనం విని సంఘం ఏడ్చింది. కమిటీ కూర్చునే పనే పడలేదు. లూదియా వాయించింది. అసలు కథ ఏమిటని ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. బుజ్జగించి అడిగినన్నాళ్లూ ఇవ్వనివాళ్లు ఇప్పుడు ఏడ్చి ఇస్తున్నారు. ఎందుకు వదలాలి?

పాట కాగానే జ్ఞానప్రకాశం లేచాడు. "వచ్చే శనివారం రెండు ట్రాక్టర్లు కడ్తాండాం. సంఘమంతా నంద్యాల పోయి ఆ సినిమా చూడాల. ముసిలోళ్లు గూడా."

ఈసారి మొదటి పెట్టె వేళకే వస్తే పాటగాడు చివర్న తాగి చస్తాడని లూదియాకు తట్టింది.

శుక్రవారం బడి వదలగానే ఆమె డోన్ బస్సెక్కింది. మొదటి పెట్టెకు ఎవరో ఒకరు అడ్డం పడాలి గదా.