బోటింజన్ హ్యాండిల్ మహిమ

బటన్ నొక్కగానే స్టార్టయ్యే ఇంజనంత అనర్థం లోకంలో ఇంకొకటి లేదు! కోప్పడకండి, కాస్త పూర్తిగా వినండి.

మా మామగారికి ఇరవైమంది పట్టే బోటుంది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి మనుషుల్నీ సైకిళ్లనీ దాటిస్తుంది. దాని కడుపులో ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజన్ ఉంది. ఆ ఇంజన్‌కి బటన్ లేదు, తాళంచెవి లేదు. హ్యాండిల్ ఉంది. హ్యాండిల్‌కి నేనున్నాను.

పద్ధతి చెబుతాను, రాసుకోండి. ఇంజన్ నెత్తిమీద చిన్న లివర్ ఉంటుంది. ఒకరు దాన్ని పైకెత్తి పట్టుకుంటే ఇంజన్ కాస్త మెత్తబడుతుంది. రెండోవారు నడుం వంచి హ్యాండిల్ గిరగిరా తిప్పాలి. వేగం అందుకోగానే మొదటివారు లివర్ వదిలెయ్యాలి. అంతే, ధడధడమంటుంది! మా బోటులో లివర్ పట్టుకునేది మామగారు. తిప్పేదెవరో మళ్లీ చెప్పాలా?

లాభాలు ఒకటా రెండా! జిమ్ము అక్కర్లేదు. మా టైలర్ నా కుడిచేతికి విడిగా కొలత తీస్తాడు. నిద్రమాత్రలు అక్కర్లేదు, కంచం ముందే కళ్లు మూతలు పడతాయి. కోపం మాటే లేదు. కోప్పడాలంటే ఊపిరుండాలి కదండీ! కొట్టుకునే రెండు దేశాల పెద్దల్ని పిలిచి, ఒకరికి లివరూ ఒకరికి హ్యాండిలూ ఇచ్చి చూడండి. ఇంక యుద్ధం చేసే ఓపిక ఎవరికుంటుంది?

పైగా చదువు! బోటెక్కిన ప్రతివారూ నిపుణులే. "కుడికాలు ముందుకెయ్యండి సార్" అంటాడు పోస్టాఫీసు క్లర్కు. "ఊపిరి బిగబట్టకండి" అంటుంది లెక్కల టీచరమ్మ. ఇంతమంది గురువులు ఏ యూనివర్సిటీలో దొరుకుతారు? ఒక్కరూ లేచి చెయ్యి వెయ్యరు, అది వేరే సంగతి.

మామగారిలో ఒకే ఒక్క విశేషముంది. మాట మొదలుపెడితే అది పూర్తయ్యేదాకా లివర్ వదలరు. సెల్ఫ్ స్టార్టర్ పెట్టించమని ఎవరైనా అంటే, లివర్ ఎత్తి పట్టుకునే జవాబిస్తారు. "ఇంట్లో అల్లుడుగారుండగా సెల్ఫ్ స్టార్టర్ దేనికండీ?" అని మొదలై, ఆ జవాబు నా పెళ్లినాటి బరువుదాకా సాగుతుంది. అంతసేపూ నేను తిప్పుతూనే ఉంటాను. తొమ్మిదేళ్లుగా!

ఇలా ఉండగా మా ఆవిడ బోటు లైసెన్సు పరీక్షకి దరఖాస్తు పెట్టింది. పాసైతే బోటు తనకే ఒప్పజెబుతానన్నారు మామగారు. "నా చేతికొచ్చిన రోజే సెల్ఫ్ బిగిస్తానండీ. మీ జబ్బ మీదొట్టు!" అని ఆవిడ నాకు మాటిచ్చింది. ఇక నా బతుకంతా ఆ పరీక్షకి వేలాడింది.

పరీక్ష అవతలి ఒడ్డున, పదింటికి. తొమ్మిదిన్నరకి నేను వంగాను. మామగారు లివర్ ఎత్తారు. ఎత్తి, ఇన్‌స్పెక్టరు ఏమేం అడుగుతాడో కూతురికి చెప్పడం మొదలుపెట్టారు! నేను తిప్పుతున్నాను. ఆయన ఇంకా లైఫ్ జాకెట్ల ప్రశ్న దగ్గరున్నారు. నేను తిప్పుతున్నాను. ఆయన పొగమంచు ప్రశ్నలోకి వెళ్లారు.

"మామయ్యగారూ, వదలండి!"

"ఒక్క నిమిషం అల్లుడుగారూ, హారన్ సంగతి చెప్పనివ్వండి."

టైము పదికి పది నిమిషాలు తక్కువ. నా కళ్లముందు సెల్ఫ్ స్టార్టర్ నీళ్లలో మునిగిపోతోంది.

"నాన్నా, నువ్వు లే ముందు!" అని మా ఆవిడ ఆయన చేతిమీద ఒక్కటేసి లివర్ లాక్కుంది. సరిగ్గా సమయానికి వదిలింది. ఇంజన్ ధడధడలాడింది. నాకు ఏడుపొచ్చింది.

పాసైంది! సెల్ఫ్ కూడా బిగించింది, మాట తప్పే మనిషి కాదు. ఒడ్డునున్న వాళ్లంతా గుమిగూడారు. ఆవిడ బటన్ నొక్కింది. టిక్ అంది. మళ్లీ నొక్కింది. మళ్లీ టిక్కే.

మెకానిక్ వంగి చూశాడు. "బ్యాటరీలో చార్జి లేదమ్మా. ఇంజన్ ఒక గంట తిరిగితే అదే ఎక్కుతుంది."

"మరి ఇంజన్ తిరగాలంటే?" అంది మా ఆవిడ.

అందరూ నావైపు చూశారు.

"ఈ ఒక్కరోజుకేనండీ" అంది మా ఆవిడ, ఎంతో ప్రేమగా.

తిప్పాను. మర్నాడూ తిప్పాను. ఇవాళ పొద్దున్న కూడా తిప్పే వచ్చాను. ఎందుకంటారా? లివర్ చేజారిన మామగారు ఇప్పుడు రిటైరై బోటులోనే కూర్చుంటున్నారు. ఊసుపోక ఆ బ్యాటరీకి చిన్న ఫ్యాను తగిలించుకున్నారు. బోటు కట్టేశాక కూడా దానికింద కునుకు తీస్తారు. బ్యాటరీ నిండేది నా చేత్తో, తరిగేది ఆయన కునుకుతో. పొద్దున్నకి మిగిలిన చార్జి ఫ్యానుకి చాలుతుంది, సెల్ఫ్‌కి చాలదు.

కాబట్టి పాఠకులారా, హ్యాండిల్ మీద నాకే ఫిర్యాదూ లేదు. అది మహత్తరమైనది, ఓపికున్నంతకాలం తిప్పుతాను. మీలో ఎవరైనా మా బోటెక్కితే మామగారికి ఒక్క ముక్క చెప్పండి. నేను చెమటలు కక్కుతూ తిప్పుతున్నంతసేపైనా, ఆ ఫ్యాను కాస్త నావైపు పెట్టమనండి!