అప్పటికప్పుడు పుట్టవలసిన ప్రార్థన

ఎల్.బి. నగర్ కృపానిలయ సంఘం దేన్నయినా దీవిస్తుంది. ఈ విషయంలో అంతటి ఉదార హృదయం రింగురోడ్డుకు ఇటుపక్క మరొకటి లేదు. పాస్టరు ప్రసన్నకుమార్ గారు తన సేవాకాలంలో హయత్‌నగర్ అవతల నీళ్లు పడని బోరును దీవించారు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరులో కొత్తగా బిగించిన ఏసీలను దీవించారు. హాల్‌టికెట్లను, పిండి గ్రైండర్లను, పోలీసులు పట్టుకుని వదిలేసిన మోటారుసైకిలును కూడా దీవించారు. కోర్టు కేసులో ఉన్న ఒక ప్లాటునైతే రెండుసార్లు దీవించారు: ఒకసారి వాది తరఫున, ఒకసారి ప్రతివాది తరఫున. ప్లాటు ఎవరిదని ఆయన అడగలేదు. దీవెన అడగవచ్చినవాళ్లను వివరాలు అడగడం మర్యాద కాదు.

అటువంటి సంఘానికి ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఇద్దరు ఆడవాళ్ల వల్ల పెద్ద చిక్కు వచ్చిపడింది.

వాళ్లలో మృదులది భీమవరం వైపు. స్కూల్లో లెక్కలు చెబుతుంది, చర్చిలో పాటలు నడిపిస్తుంది. అరుణశ్రీ హయత్‌నగర్ పిల్ల, ఫిజియోథెరపిస్టు. చదువుకునే రోజుల్లో సైదాబాద్‌లో ఒకే పోర్షన్‌లో అద్దెకు దిగారు. నలభై దగ్గరపడుతున్నా ఇద్దరూ ఆ పోర్షన్ వదల్లేదు, ఒకరినొకరు వదల్లేదు. సంఘానికి వాళ్లంటే చాలా గౌరవం. మొదట్లో పెద్దలు ఇద్దరికీ సంబంధాలు తెచ్చారు. తెచ్చి తెచ్చి అలసిపోయి, చివరికి స్నేహమంటే అలా ఉండాలని మెచ్చుకుని ఊరుకున్నారు. అసలు సంగతి తెలియనివాళ్లు సంఘంలో లేరు. తెలిసినట్టు ఎవరికీ తెలియకూడదన్నదే నియమం. వాళ్లిద్దరూ నోరు విప్పనంతకాలం ఆ నియమం చక్కగా నడిచింది.

ఇప్పుడు విప్పారు. వనస్థలిపురంలో ఇద్దరి పేరా ఫ్లాటు కొనుక్కున్నారు, గృహప్రతిష్ఠ చేయాలి. పాస్టరు గారు సంతోషించి తేదీ రాసుకోబోతుంటే మృదుల ఆపింది.

"అయ్యగారూ, మీరు ఏ ఇంట్లో ప్రార్థన చేసినా 'ఈ కుటుంబాన్ని దీవించు' అంటారు కదండీ. మా ఇంట్లో కూడా ఆ మాటే అనండి. 'ఈ సహోదరీలను' అని మార్చకండి."

అరుణశ్రీ నేల చూస్తూ కలిపింది. "అందరిండ్లల్ల ఎట్ల చేస్తరో మా ఇంట్ల గట్లనే చేయుండ్రి. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు."

ప్రసన్నకుమార్ గారు మంచివారు. కాదనడం ఆయనకు చేతకాదు. అవుననడం ఆయన పరిధిలో లేదు. ఈ రెంటికీ మధ్య పాస్టర్ల కోసమే ఏర్పడిన ఒక మాట ఉంది, దాన్నే వాడారు: "ప్రార్థనలో పెడదాం." తరవాత నేరుగా కమిటీలో పెట్టారు.

సంఘ కార్యదర్శి పేరు ఆశీర్వాదం. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు, దానికి ఆయన్ను బాధ్యుణ్ణి చేయకూడదు. ఏదో ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఫైలు ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషి. సంగతి విన్నంతసేపూ ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. విని లేచి మాట్లాడారు. మన సంఘం ప్రేమకు మారుపేరని, ప్రేమ విషయంలో తొందర పనికిరాదని, ఆ సోదరీమణులంటే తనకు కన్నబిడ్డలతో సమానమని, అందుకే వారి విన్నపాన్ని ఎంత కాలమైనా పరిశీలించడానికి తాను సిద్ధమని సెలవిచ్చారు. చప్పట్లు మోగాయి.

అదృష్టవశాత్తూ, ఇలాంటి జంటల గురించి పైనుంచి మహాసభ వారు అంతకుముందే ఒక సర్క్యులర్ పంపి ఉన్నారు. దాన్ని ఎవరూ చదవలేదు. ఇప్పుడు బీరువాలోంచి తీసి చదివారు. వ్యక్తులను దీవించవచ్చును గాని, వారి మధ్య సంబంధాన్ని దీవించరాదు. దీవెన ఆలయంలో జరగరాదు. దానికి నిర్ణీత క్రమం ఉండరాదు. అది క్లుప్తంగా ఉండి, అప్పటికప్పుడు సేవకుని హృదయంలోంచి రావలెను. విశ్వాసులలో గందరగోళం కలిగించరాదు. ఇది చదివాక అంతవరకూ లేని గందరగోళం విశ్వాసులలో కలిగింది.

ఆశీర్వాదం గారు ఒక్కరే తొణకలేదు. "అప్పటికప్పుడు హృదయంలోంచి రావాలని స్పష్టంగా ఉంది. కాబట్టి ఏం రావాలో మనం ముందుగానే తీర్మానించుకోవాలి" అన్నారు.

ఇందులో పొరపాటు ఎవరికీ కనిపించలేదు. అప్పటికప్పుడు పుట్టవలసిన ప్రార్థనను తయారు చేయడానికి ఉపసంఘం ఏర్పడింది. అది చాలాసార్లు సమావేశమై, చాలా సమోసాలు తిని, ముసాయిదా సిద్ధం చేసింది: "ప్రభువా, ఈ చిరునామాలో నివసించు వ్యక్తులను, విడివిడిగా, వారి వారి అవసరముల మేరకు, తగు రీతిని దీవించుము." "విడివిడిగా" అన్న మాట దేవుడికి చెప్పాలా, ఆయనకే తెలియదా అని ఒక పెద్దాయన సందేహపడ్డారు. దేవుడి కోసం కాదు, వినేవాళ్ల కోసమని ఆశీర్వాదం గారు తీర్చారు. ముసాయిదాలో ఒకచోట "ఇక్కడ గొంతు కొద్దిగా గద్గదము కావలెను" అని కూడా రాశారు, హృదయంలోంచి వస్తున్నట్టు ఉండాలి కనుక.

తరవాత పడకగదుల ప్రశ్న వచ్చింది. గృహప్రతిష్ఠలో పాస్టరు ప్రతి గదిలోనూ అడుగుపెట్టి ప్రార్థించడం ఆనవాయితీ. ఇంట్లో గదులెన్నో, మంచాలెన్నో తెలియకుండా దేవుడి సేవకుణ్ణి పంపడం ఎలా? పార్కింగు చూడాలన్న మిషతో కార్యదర్శి గారే స్వయంగా వెళ్లి చూసి వచ్చారు. గదులు రెండు ఉన్నాయని చెప్పగానే కమిటీ ఊపిరి పీల్చుకుంది. మంచం ఒకటే ఉందని చెప్పగానే ఆ ఊపిరి అక్కడే ఆగింది. రెండో గదిలో మృదుల కీబోర్డు, అరుణశ్రీ వ్యాయామం బంతులు ఉన్నాయట. చర్చ సాగింది. "రెండవ గదిలో మంచము పట్టుటకు తగిన స్థలము కలదు" అని రికార్డు చేసి, మొదటి గదిని పాస్టరు గారు గుమ్మం బయట నిలబడి, లోపలికి తొంగి చూడకుండా దీవించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ప్రార్థన సమయంలో ఆ ఇద్దరికీ మధ్య ఒక విశ్వాసురాలు కూర్చోవాలని కూడా నిర్ణయించారు. అందుకు స్త్రీల సమాజం అధ్యక్షురాలిని నియమించారు. ఆమె వెడల్పు గల మనిషి.

ముసాయిదా చేతికిచ్చాక పాస్టరు గారికి కష్టాలు మొదలయ్యాయి. ప్రార్థన కళ్లు మూసుకుని చేస్తారు. మూసిన కళ్లతో కాగితం చదవలేరు. ఉపసంఘం ఈ సంగతి ఆలోచించలేదు. దాంతో ఆయన ఆ ప్రార్థనను కంఠతా పట్టవలసి వచ్చింది. ఒక పొద్దున వంటింటి పక్కన అటూ ఇటూ తిరుగుతూ వల్లె వేస్తుంటే, కూర తరుగుతున్న ఆయన భార్య కుసుమకుమారి విన్నది.

"ఏంటండీ అది? అద్దె ఒప్పందమా?"

ఆయన జరిగినదంతా చెప్పారు. మంచం దగ్గర కొద్దిగా తడబడ్డారు. ఆవిడ చివరిదాకా విన్నది, తరగడం మానలేదు.

"నా కాలు విరిగినప్పుడు అరుణ రోజూ వచ్చి నన్ను నడిపించింది. ఆ పిల్ల ఇంటికి వెళ్లడం ఆలస్యమైతే మృదుల అన్నం పట్టుకుని వచ్చి, అదిగో, ఆ గట్టు మీద కూర్చునేది. ఆ పిల్ల తింటే గాని తను తినేది కాదు. మీరూ చూశారు కదా."

"చూశాను."

"మీరు నా కోసం ఎప్పుడైనా అలా కూర్చున్నారా?"

నిజానికి ఆ ప్రశ్న ఆయన్ను బాధించలేదు, అంతకంటే చెడ్డపని చేసింది: గుర్తుండిపోయింది. ఆ తరవాత ముసాయిదాలో "విడివిడిగా" అన్నచోటికి వచ్చినప్పుడల్లా ఆయన నాలుక ఆగిపోయేది. గొంతు గద్గదం కావలసిన చోట కాకుండా, కాకూడని చోట అయ్యేది.

గృహప్రతిష్ఠకు సంఘమంతా తరలివచ్చింది. అనుకూలురు అభిమానంతో వచ్చారు. వ్యతిరేకులు, ఏం జరుగుతుందో కళ్లారా చూస్తే తప్ప ఖండించడం కుదరదు గనుక, ఇంకా ముందుగా వచ్చి ముందు కుర్చీల్లో కూర్చున్నారు. మేడ మీద బిర్యానీ దించుతున్న వాసన హాల్లోకి వస్తోంది.

ఎవరూ ఊహించని మనిషి ఒకరు వచ్చారు. అరుణశ్రీ తల్లి లింగమ్మ. కూతురు పెళ్లి చేసుకోననడంతో అలిగి, ఏళ్ల తరబడి ఆమె గడప తొక్కని మనిషి. ఎవరు పిలిచారో, ఏమనుకుని వచ్చిందో తెలియదు. హయత్‌నగర్ నుంచి ఆటోలో వచ్చి, చెప్పులు బయట విడిచి, ఇల్లంతా కలయతిరిగింది. వంటింట్లో పంపు తిప్పి చూసింది. కమిటీ బయటి నుంచి మాత్రమే దీవించదలచిన గదిలోకి తిన్నగా వెళ్లి, మంచం మీద కూర్చుని, పరుపు నొక్కి చూసి వచ్చింది. అరుణశ్రీ గోడకు ఆనుకుని తల్లినే చూస్తోంది. దగ్గరికి వెళ్లే ధైర్యం ఆమెకు రాలేదు.

ప్రార్థన వేళయింది. తీర్మానం ప్రకారం మృదుల ఒక చివర, అరుణశ్రీ మరో చివర మోకరించారు. మధ్యలో స్త్రీల సమాజం అధ్యక్షురాలు తన బాధ్యత స్వీకరించబోతోంది. లింగమ్మ ఆమెను చూసింది.

"జర జరుగమ్మా" అని, కూతురి వైపు తిరిగింది. "గంత దూరం కూసున్నరేంది? ఇద్దరు ఒక్కకాడ కూసోండ్రి. ఇల్లు ఒక్కటే గదా."

అధ్యక్షురాలు జరిగింది. అరుణశ్రీ లేచి వెళ్లి మృదుల పక్కన మోకరించింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. మృదుల కొంగుతో ఆమె మొహం తుడిచి, తన మొహం తుడుచుకోవడం మరిచిపోయింది. లింగమ్మ ఇద్దరి వెనకా కూర్చుని, ఒక్కొక్కరి వీపు మీద ఒక్కో చెయ్యి వేసి, "ఇగ కానియ్యి అయ్యా" అన్నది.

ప్రసన్నకుమార్ గారు కళ్లు మూసుకున్నారు. ముసాయిదా మొదలుపెట్టారు. "ప్రభువా, ఈ చిరునామాలో..." అన్నాక ఆగారు. తరవాత ఏం రావాలో ఆయనకు బాగా గుర్తుంది. మరిచిపోయానని ఆయన ఎన్నడూ చెప్పలేదు, అది ఆయన గొప్పతనం. కార్యదర్శి ముందు వరసలో ఉన్నారని తెలుసు. తాను ఉంటున్న క్వార్టర్సు సంఘానిదని తెలుసు. ఇన్నేళ్లలో ఎన్ని ఇళ్లలో ఎంత తేలిగ్గా అన్న మాట అది! తెలియని మనుషుల్ని, కొట్టుకునే మనుషుల్ని ఉద్దేశించి అన్నారు, తనకేమీ ఖర్చు కాలేదు. ఇప్పుడు మొదటిసారి ఆ మాట అనడానికి భయం వేస్తోంది. భయం వేస్తుండగానే అన్నారు.

"ఈ కుటుంబాన్ని దీవించు తండ్రీ."

"ఆమేన్" అన్నది సంఘం. కళ్లు మూసుకుని ఉన్న మనుషులు అలవాటు చొప్పున అన్నారు. అందరికంటే బిగ్గరగా అన్నది ఆశీర్వాదం గారు. ఆయన ఆమేన్‌కు సంఘంలో పేరుంది.

కళ్లు తెరిచాక ఏం జరిగిందో అందరికీ అర్థమైంది. అయితే అప్పటికే బిర్యానీ వడ్డిస్తున్నారు. నిరసన తెలపదలచినవారు రెండోసారి వడ్డన అయ్యాక తెలుపుదామని ఆగి, కిళ్లీ తరవాత ఇంటికి వెళ్లిపోయారు.

మరుసటి వారం విచారణ జరిగింది. ఆ మాట పాస్టరు ముందే అనుకుని అన్నారా, అప్పటికప్పుడు వచ్చిందా? ముందే అనుకుని ఉంటే నేరం. అప్పటికప్పుడు వస్తే సర్క్యులరు కోరిందే అది. నిజానికి ఆ రోజు ముందే అనుకున్నది కమిటీ ఒక్కటే. పాస్టరు గారు లేచి, తన హృదయంలోంచి వచ్చిందని, మళ్లీ అడిగినా అదే వస్తుందని చెప్పి కూర్చున్నారు. ఆయన్ను శిక్షిస్తే ఆమేన్ అన్నవారినీ శిక్షించాలి కదా అని ఒకరు గొణిగారు. కార్యదర్శి గారు మంచినీళ్లు తాగారు. పైకి వెళ్లిపోయిన ప్రార్థనను వెనక్కి తెప్పించే విధానమేదీ లేనందున ఈ సంగతి ఇంతటితో ముగిసిందని ప్రకటించారు.

కాని ఇకముందు ఇలా జరగకూడదు కదా. అందుకని కొత్త నిబంధన చేశారు. ఏ ఇంట్లోనైనా "కుటుంబం" అన్న మాట వాడే ముందు విచారణ జరపాలి. ఆ ఇంట్లోవాళ్లు ఒక పొయ్యి మీద వండుకుంటున్నారా, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారా, ఒకరికి జబ్బు చేస్తే మరొకరు చూస్తున్నారా? మొట్టమొదట వనస్థలిపురం ఫ్లాటుకే వెళ్లారు. ఎలాగైనా అందులో లోపం పట్టాలన్న సదుద్దేశంతో ఆశీర్వాదం గారే ప్రశ్నలు వేశారు. వాళ్లు టీ ఇచ్చి అన్నిటికీ జవాబు చెప్పారు. లింగమ్మ గృహప్రతిష్ఠ నాటి నుంచి అక్కడే ఉంటోంది, అడగనివాటికి కూడా చెప్పింది. ఆయన నివేదిక రాయక తప్పలేదు: "సంబంధ స్వభావమును గూర్చి వ్యాఖ్యానింపజాలము. తక్కిన అన్ని అంశములలోను కుటుంబ లక్షణములు కనిపించినవి." కింద కమిటీ మొత్తం సంతకాలు పెట్టింది.

రెండో విచారణ నాగోలు దారిలో ఆశీర్వాదం గారి కొడుకు కొన్న కొత్త ఇంట్లో జరగవలసి వచ్చింది. మామిడి తోరణాలు, వీడియో, పట్టుబట్టలు, అన్నీ ఉన్నాయి. పాస్టరు గారు నిబంధన ప్రకారం, ఎంతో మర్యాదగా, మొదటి ప్రశ్న అడిగారు. కోడలు కిటికీలోంచి బయటికి చూసింది. విడాకుల కాగితాలు వేసి పుట్టింట్లో ఉంటున్న ఆ అమ్మాయిని ఫొటోల కోసం ఆ పూటకు తీసుకువచ్చారు. పాస్టరు గారు రెండో ప్రశ్న అడిగారు. కొడుకు తండ్రి వైపు చూడలేదు. ఆస్తి పంపకాల నాటి నుంచి వాళ్లిద్దరూ లాయరు ద్వారానే మాట్లాడుకుంటున్నారు. మూడో ప్రశ్న అడిగేలోపు ఆశీర్వాదం గారు దగ్గరికి వచ్చారు.

"అయ్యగారూ, ఇవన్నీ ఎందుకండీ ఇప్పుడు. వెనక ఎలా చేసేవారో అలా కానిచ్చేయండి" అన్నారు. ఆ గొంతు కార్యదర్శి గొంతులా లేదు, అలసిపోయిన ముసలాయన గొంతులా ఉంది.

ప్రసన్నకుమార్ గారు జాలిపడ్డారు. కళ్లు మూసుకుని, ఈ కుటుంబాన్ని దీవించమన్నారు. అందరూ ఆమేన్ అన్నారు.

మరుసటి సమావేశంలో ఆ నిబంధనను చర్చ లేకుండా, ఏకగ్రీవంగా, చాలా తొందరగా రద్దు చేశారు. ఎవరి ఇంటి గుట్టు వారిదని, సంఘం తలదూర్చరాదని కార్యదర్శి గారు చేసిన ప్రసంగానికి మళ్లీ చప్పట్లు మోగాయి. ఆ విధంగా, ఇన్ని గడపలున్న కృపానిలయ సంఘంలో, విచారణ జరిపి, సంతకాలు పెట్టి, ఇది కుటుంబమేనని రుజువు చేసిన ఇల్లు అదొక్కటే మిగిలింది. తక్కిన ఇళ్లన్నీ, మీదీ నాదీ సహా, విశ్వాసం మీద నడుస్తున్నాయి.