బొటనవేలికి నిమ్మకాయ

పెనుకొండలో అందరూ ఆయన్ని అనుమానాల ఆదెప్ప అంటారు. పాలల్లో నీళ్ళున్నాయని పొద్దున అనుమానం, నీళ్ళల్లో పాలున్నాయేమోనని సాయంత్రం అనుమానం. కానీ ఈసారి ఆయన భయానికి కారణం ఉంది.

ధర్మవరంలో ఉన్న వాళ్ళక్క నాగమ్మ దగ్గరకు ఎవడో వచ్చి, రేషన్ కార్డు సరిచేస్తానని వేలిముద్ర వేయించుకుని, బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోయాడు. మగ్గం మీద నడుము వంగిపోయేదాకా నేసి కూడబెట్టుకున్న డబ్బు అది. అప్పటినుంచి ఆమె గోడకేసి తిరిగి పడుకునే ఉంది.

అక్కను చూసొచ్చి ఆదెప్ప కంచం ముందు కూర్చున్నాడు. ఎదురుగా తల్లి సిద్దమ్మ సంగటి తింటోంది. ఆ ముసలి బొటనవేలి మీదే ఆమె బ్యాంకులో కూడబెట్టిన పింఛను డబ్బంతా ఆధారపడి ఉంది. తన చావు ఖర్చు కొడుకు మీద పడకూడదని ఒక్క పైసా ముట్టని మనిషి.

మర్నాడు పొద్దున్నే ఆదెప్ప ఓ నిమ్మకాయకు బొక్క పెట్టి, పసుపు కూరి, తల్లి బొటనవేలికి తొడిగాడు.

"ఏందిరా ఇది?"

"నీకు గోరుచుట్టు వస్తాండాదమ్మా. తీయొద్దు."

"నొప్పే లేదు కదరా!"

"మొదట్లో ఉండదులే."

పొయ్యి దగ్గరున్న భార్య హనుమక్క ఊరుకుంటుందా! "ఏమయ్యా, ఎవురికీ వేలు ఇయ్యొద్దని అత్తకు చెప్తే పోదా?"

"చెప్తే భయపడుతుంది."

"ఇప్పుడు భయపడతాండేది ఎవురు? పింఛనిచ్చే పొద్దు ఏం చేస్తావు?"

"ఆ పూటకు తీస్తా."

"దినామూ ఒక నిమ్మకాయంటే నేను చిత్రాన్నం దేంతో చేసేది?"

"మాయమ్మ వేలు ఎక్కువా, నీ చిత్రాన్నం ఎక్కువా?"

అంతటితో నోరు మూసుకుంటే ఆదెప్ప ఎందుకవుతాడు? హిందూపురం చింతపండు మార్కెట్లో టీ తాగుతూ, తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ తన ఉపాయం చెప్పుకున్నాడు. ఊరూ, వీధీ, ఇల్లూ సహా.

వారం తిరక్కుండానే మెడలో కార్డు, చేతిలో చిన్న మిషనుతో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆదెప్పగారూ! నిమ్మకాయలతో ఎన్నాళ్ళు అవస్థ పడతారు? మేం వేలిముద్రకు తాళం వేస్తాం."

'గారూ' అనేసరికి ఆదెప్ప అనుమానాలన్నీ ఆ పూటకు సెలవు పెట్టాయి.

"యాడోడో కనుక్కోయ్యా," అంది హనుమక్క మెల్లగా.

"మెళ్ళో కార్డు ఉండాది, కనపళ్ళేదా?"

"మన కుక్క మెళ్ళో కూడా బిళ్ళ ఉండాది."

ఆదెప్ప వింటేనా! ఆధార్ నంబరు చెప్పి, ముందు తన వేలే నొక్కాడు. ముద్ర సరిగా పడలేదని ఇస్త్రీ చొక్కా ఆయన మళ్ళీ మళ్ళీ నొక్కించాడు.

"ఇంగ మాయమ్మది. అమ్మా, నిమ్మకాయ తీ!"

"తీయను. గోరుచుట్టు."

"గోరుచుట్టు లేదమ్మా!"

"నువ్వే కదరా చెప్పింది?"

"నేనే అబద్ధం చెప్పినానమ్మా!"

"అయ్యో! కన్నతల్లికి అబద్ధం చెప్తావంట్రా!" అని సిద్దమ్మ గొంతెత్తి ఏడుపందుకుంది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా వచ్చేశారు. ఇస్త్రీ చొక్కా ఆయన మిషను సంచిలో పడేసుకుని, రేపొస్తానంటూ బండెక్కి మాయమయ్యాడు.

ఆ తర్వాత చూసుకుంటే, చెనిక్కాయలు అమ్మి విత్తనాలకని దాచిన డబ్బు ఆదెప్ప ఖాతాలో లేదు. బ్యాంకుకు పోయాడు, పోలీసు స్టేషనుకు పోయాడు. పొద్దుగూకే వేళకు తిరిగొచ్చి గోడకేసి తిరిగి పడుకున్నాడు, అచ్చం నాగమ్మలాగే. హనుమక్క సంగటి తెచ్చి ఆ వీపు పక్కన పెట్టింది.

సిద్దమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"నాగమ్మ సంగతి నాకు తెలీదనుకున్నావా? నా వేలికి గోరుచుట్టు ఉండాదో లేదో నాకు తెలీదా? నీ భయం చూడలేక పెట్టుకున్నాను గానీ."

నిమ్మకాయ తీసి కొడుకు బొటనవేలికి తొడిగింది.

"నొప్పిగా ఉండాదా నాయనా?"

"ఉండాదమ్మా." అందులో మాత్రం ఆదెప్పకు ఏ అనుమానమూ లేదు.

"నా చావుకని పెట్టిన దుడ్లు ఉండాయి కదరా. వాటితో విత్తనాలు తెచ్చుకో. నేను ఇంకో పంటదాకా ఆగుతాలే."

ఆదెప్ప ఆ నిమ్మకాయ వేలితోనే కళ్ళు తుడుచుకున్నాడు. పులుపు తగిలి ఇంకా ఎక్కువ నీళ్ళు కారాయి.