బానిసత్వాన్ని అసహ్యించుకునే దొరగారు

బానిసత్వాన్ని మనసారా అసహ్యించుకోవాలంటే ముందు పదిమంది బానిసలైనా ఉండాలి! లేనివాడికి దాని చెడు ఏం తెలుస్తుంది?

ఇప్పటికి మన అమెరికాకు అయిదుగురు అధ్యక్షులయ్యారు. నలుగురు మా వర్జీనియా వారే. నలుగురూ బానిసత్వం చెడ్డదన్నారు, నలుగురూ బానిసల్ని ఉంచుకున్నారు. ఎంత నిగ్రహం! మిగిలిన ఆ మసాచుసెట్స్ ఆయన ఒక్కరినీ ఉంచుకోలేదు. అనుభవం లేని మనిషి మాటకు విలువేముంది?

మా పొరుగున పొగాకు తోటల కర్నల్ పెల్హామ్ గారిదీ ఆ నలుగురి బాటే. జూలై నాలుగు స్వాతంత్ర్య దినం విందులో, తన బానిసల్ని విడిచిపెట్టమని రాసిపోయిన మొదటి అధ్యక్షులవారి వీలునామాను తలుచుకుని కళ్ళొత్తుకున్నారు. "నేనూ రాసేశాను. నేను పోయిన మరుక్షణం మీరంతా స్వతంత్రులే!" అని పనివాళ్ళకు ప్రకటించారు. మేం చప్పట్లు కొట్టాం. వంటమనిషి కెజియా మాత్రం ఆయన్ని ఎగాదిగా చూసి, "దొరగారు గట్టిగానే ఉన్నారే," అంది.

అంతే, కర్నల్ గారికి మనశ్శాంతి పోయింది! ఆయన దగ్గితే వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయేది.

"ఒంట్లో ఎలా ఉంది దొరా?"

"నీకెందుకే?"

సూపు ముందు కెజియానే తాగి చూపాలన్నారు. సగం గిన్నె అయ్యాక కూడా ఆమె, "ఇంకా అనుమానంగానే ఉంది దొరా, మరో గరిటె చూస్తా," అనేది. ఆమె బుగ్గలు నిండాయి, ఆయన చొక్కా వదులైంది.

చివరికి ఆయన వీలునామాను అందరి ఎదుటా పొయ్యిలో పడేశారు. "హమ్మయ్య! ఇక నా ఆయుష్షు కోరేవాళ్ళ మధ్య బతుకుతాను," అన్నారు.

ఆదివారం దొరలంతా చర్చిలో ఉండగా కెజియా కూతుర్ని వెంటబెట్టుకుని, బానిసత్వం లేని ఉత్తరాది రాష్ట్రాలకు పారిపోయింది.

"బానిసత్వమంటే నాకెంత అసహ్యమో తెలిసి కూడా పోయిందయ్యా!" అని కర్నల్ గారు నా భుజం మీద వాలి ఏడ్చారు. ఆ కన్నీళ్ళు ఆరకముందే, పట్టిచ్చినవారికి బహుమానం ప్రకటించారు.

గుర్రాలు చూసే గిడియన్‌ను అడిగాను. "అంత మంచి దొరను వదిలి ఎలా పోయిందిరా?"

"పిల్లను దొరగారి మేనకోడలి పెళ్ళికి కానుకగా పంపేస్తున్నారండీ. దొరగారి అసహ్యం దానికి అడ్డుపడదు కదండీ," అన్నాడు తల వంచుకుని.

కెజియా దొరకలేదు. ఫిలడెల్ఫియాలో ఏదో పూటకూళ్ళింట్లో వండుతోందని వినికిడి. జీతానికి!

కర్నల్ గారు మాత్రం నిబ్బరం కోల్పోలేదు. మనవల కాలానికి బానిసత్వం దానంతటదే పోతుందనీ, అందాకా ఓపిక పట్టాలనీ అంటున్నారు. పట్టమూ? మాకేం కష్టం? దున్నేదీ వండేదీ వాళ్ళే అయినప్పుడు, ఆ ఎదురుచూసే పని కూడా వాళ్ళే చేస్తారు!