అభిప్రాయం ఉంటే రాయి

నల్లగుండ్లలో ఎవరైనా తమ సొంత అభిప్రాయాన్ని ఎక్కడైనా రాస్తే, పావుగంటలోపు వాళ్ల దగ్గర ఒక రాయి పడుతుంది. రాసింది చెరిపేస్తే రాయి పోతుంది. ఇందులో వింతేమీ లేదు. ఇరవై ఏళ్ల కిందట అక్కడి గనుల కార్యాలయంలో సలహాల పెట్టె మీద "అభిప్రాయం ఉంటే రాయండి" అని అంటించబోయి, అట్టముక్క చాలక "రాయి" అని సరిపెట్టారు. ఊరంతా గ్రానైట్ మీద బతికేది. ఆ ఆఫీసులో రాయి అంటే రాయే. గుమాస్తా దాన్ని అలాగే రిజిస్టరుకెక్కించాడు, పైఅధికారి సంతకం పెట్టాడు. సంతకం పడ్డాక రాయి పడక ఏం చేస్తుంది?

జనం తొందరగానే సర్దుకున్నారు. "సూపర్" అని రాస్తే ఏమీ పడదు. తనకు అనిపించకుండా పక్కవాడు అన్నదే తిప్పి రాసినా పడదు. అందుకే నల్లగుండ్ల వీధులు ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయి.

చిక్కంతా మేకల జెసింతతో వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం పిల్ల. ఏ రాక్ ఆల్బమ్ వచ్చినా మొదటి పాట నుంచి చివరిదాకా మూడుసార్లు విని, నెట్లో తన పేజీలో అనుకున్నది అనుకున్నట్టు రాస్తుంది. చదివేది పదకొండు మంది. పడ్డ రాళ్లను గేటు పక్కన పేర్చి, ఏది ఏ ఆల్బమ్‌దో సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంది. తండ్రి ఏసోబుది రాళ్లకు పాలిష్ పట్టే పని కాబట్టి ఆయన పట్టించుకోలేదు.

ఇంతలో ఆ ఊరి కుర్రాళ్ల బ్యాండు 'కరెంటు తీగలు' రెండో ఆల్బమ్ వచ్చింది. సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. ఊరు ఊరంతా అయిదుకు అయిదు నక్షత్రాలు ఇచ్చింది. ఒక్క గులకరాయి పడలేదు. జెసింత మాత్రం ఇలా రాసింది: "వీళ్ల మొదటి ఆల్బమ్ విన్నాకే నేను గిటార్ నేర్చుకున్నాను. ఇందులో గిటార్ ఉంది, వాయించే మనిషి లేడు. అయిదుకు రెండు. ఇది రాస్తుంటే నాకు ఏడుపొచ్చింది."

లారీ అంత బండ వీధికి అడ్డంగా పడింది. చెత్త ట్రాక్టరు వెనక్కి తిరిగింది. సోమవారంలోగా చెరిపేయకపోతే పేజీ శాశ్వతంగా మూసేస్తామని గనుల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. అధికారి కోటిలింగం కొలత టేపుతో స్వయంగా వచ్చాడు.

"నాలుగున్నర ఇచ్చెయ్యమ్మా, పోద్ది," అన్నాడు.

"రెండే సార్."

"ఊళ్లో ఎవురికీ లేని బాధ నీకేంది?"

"వాళ్లు విన్లేదు సార్. మీరు విన్నారా?"

కోటిలింగం టేపు చుట్టుకున్నాడు. ఆయనా అయిదు నక్షత్రాలు ఇచ్చినవాడే. "ఏసోబూ, నువ్వన్నా చెప్పు. రాయబాకని చెప్పు."

ఏసోబు బండ మీద అరచేత్తో నిమిరాడు. ఎక్కడా పగులు లేదు. కూతురి వైపు తిరిగి, "రాయి," అన్నాడు.

"సదరు వస్తువు రాయేనని తండ్రి ధ్రువీకరించాడు" అని కోటిలింగం నమోదు చేసుకున్నాడు.

సోమవారం పేజీ మూతపడింది. మూయడం చెరపడం కాదు కాబట్టి బండ అక్కడే ఉంది. మంగళవారం జెసింత సుద్దముక్క తీసుకుని, మరో ఆల్బమ్ గురించి ఆ బండ మీదే రాసింది. పక్కన ఇంకో బండ పడింది. ఆఫీసు ఆ వీధిని పటంలోంచి తీసేసింది, జనం చుట్టూ తిరిగి పోవడం అలవాటు చేసుకున్నారు. చదివేవాళ్లు ఇప్పుడు పద్నాలుగు మంది.

ఫైలు మూసే ముందు వివాదానికి మూలమైన వస్తువును పరిశీలించాలని నిబంధన ఉంది. కోటిలింగం మధ్యాహ్నం భోజనం చేస్తూ ఆల్బమ్ విన్నాడు. నాలుగో పాట దగ్గర చెయ్యి ఆగింది. ఫైలు అంచున పెన్సిల్‌తో సన్నగా "రెండే" అని రాశాడు. కుర్చీ కింద నిమ్మకాయంత రాయి పడింది.

రబ్బరు తీశాడు. కాసేపు పట్టుకుని, మళ్లీ సొరుగులో పెట్టేశాడు. ఎవరో లోపలికి వస్తుంటే రాయి మీద కుడికాలు పెట్టాడు. కాస్త గుచ్చుకుంది. అప్పుడు చూశాడు: ఆ ఆఫీసులో ఏ ఒక్కరూ కుర్చీ కింద కుడికాలు కదపడం లేదు.