నానో వేడినీళ్ళు

ఇక మీదట సూర్యుడు ఊరికే వచ్చి పోవడానికి వీల్లేదని మంత్రిగారు ప్రకటించారు. ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డుకి వేడినీళ్ళు పెట్టే బాధ్యత ఆయనకి అప్పగించారు. సూర్యుడు అభ్యంతరం చెప్పలేదు.

ఆ వేడిని డాబా మీంచి కిందికి మోసుకొచ్చేది నానో ద్రవం. అంటే మరేం లేదు, నీళ్ళలో లోహపు పొడి కలుపుతారు. ఆ పొడి కంటికి కనబడనంత సన్నం. వట్టి నీళ్ళు బద్ధకంగా మోసే వేడిని ఇది చకచకా మోసుకొచ్చి కింద ట్యాంకులో నీళ్ళకి అందిస్తుంది.

పని ఇంజనీరుగారి నెత్తిన పడింది. చీఫ్ ఇంజనీరు కుర్చీ కోసం ఆయన కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నారు. ప్రారంభోత్సవం సజావుగా జరిగితే కుర్చీ నీదేనని మంత్రిగారు మాటిచ్చారు. ఇంజనీరుగారి భార్య అప్పుడే చుట్టాలందరికీ ఫోన్లు చేసేసింది.

ఎండ పట్టే పలకలు ఆసుపత్రి డాబా ఎక్కాయి. గొట్టాల్లో ద్రవం నింపారు. మంత్రిగారి తేదీ ఒక్కటే దొరకలేదు. ఎండల్లో అడిగితే వానలు రానీ అన్నారు, వానల్లో అడిగితే చలి రానీ అన్నారు. ఆయన చెయ్యి పడేదాకా మోటారు మీట ఎవరూ ముట్టుకోకూడదని ఉత్తర్వు. నానో ద్రవం అస్తమానం కదులుతూ ఉండాలి. మనవాళ్ళు దాన్ని ఫైలు లాగే నానబెట్టారు. పొడంతా అడుక్కి దిగి, గొట్టాల్లో సిమెంటులా గడ్డకట్టింది.

ఇంజనీరుగారు ఈ సంగతి మంత్రిగారి చెవిన వేద్దామనే బయల్దేరారు. దారిలో కుర్చీ గుర్తొచ్చి వెనక్కి తిరిగారు.

ప్రారంభోత్సవం నాడు ఎండ బాగానే ఉంది, గాలి మాత్రం ఎముకలు కొరుకుతోంది. మంత్రిగారు మీట నొక్కారు. మోటారు గుర్రుమని ఊరుకుంది. మంత్రిగారు కుళాయి తిప్పి చెయ్యి పెట్టారు. జివ్వుమంది.

"ఏమయ్యా, చల్లగా ఉన్నాయేం?" అన్నారు గొంతు తగ్గించి.

ఇంజనీరుగారికి కుర్చీ కళ్ళ ముందు ఆడింది.

"నానో వేడి సార్. బాగా సన్నం. చేతికి తెలీదు."

మంత్రిగారు కెమెరాల వంక చూశారు. గొంతు పెంచి, వేడి అదిరిందన్నారు. అధికారులంతా వరసగా చెయ్యి పెట్టి, కాలినట్టు వేళ్ళు ఊదుకున్నారు.

బకెట్టు పట్టుకుని నించున్న ఓ అవ్వ కూడా చెయ్యి పెట్టి చూసింది. ఆవిడ కూతురు లోపల వార్డులో బాలింత.

"మా పిల్లది పచ్చి ఒంటితో ఉంది నాయనా. ఇంత వేడి తట్టుకోలేదేమో. ముందు తమరు పోసుకుని చూపించండి, ఆనక దానికి పోస్తాను."

కెమెరాలన్నీ మంత్రిగారి వైపు తిరిగాయి. ఆయన చొక్కా విప్పక తప్పలేదు. సొంత మనవడికి పోసినంత ప్రేమగా అవ్వే బకెట్టెత్తి నెత్తిన కుమ్మరించింది. మంత్రిగారు ఆనందం పట్టలేక వణికిపోయారని మర్నాడు పేపర్లు రాశాయి. అవ్వ మాత్రం ఖాళీ బకెట్టుతో పెరట్లో కట్టెల పొయ్యి దగ్గరికి పోయింది.

వారం తిరక్కుండా ప్రమోషన్ ఉత్తర్వు వచ్చేసింది. ఇంజనీరుగారు కొత్త సూటు వేసుకుని, భార్యనీ చుట్టాలనీ వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళారు. బంట్రోతు తలుపు తీశాడు. గది నున్నగా, ఖాళీగా ఉంది.

"కుర్చీ ఏదోయ్?"

"వేశాం సార్. మంత్రిగారు దగ్గరుండి వేయించారు." బంట్రోతు బుర్ర గోక్కున్నాడు. "నానోదటండి. కంటికి ఆనదన్నారు."

వెనక ఎవరో గట్టిగా తుమ్మారు. గుమ్మంలో మంత్రిగారు. ఒంటి మీద శాలువా, చేతిలో రుమాలు, పక్కన కెమెరాలు.

"కూర్చోవయ్యా, నీ కోసమే చేయించా," అన్నారు ముక్కు తుడుచుకుంటూ.

చుట్టాలు ఫోన్లు పైకెత్తారు. ఇంజనీరుగారు ఒకసారి భార్య మొహం చూశారు. సూటు సర్దుకుని, మెల్లగా మోకాళ్ళు వంచారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఎలా ఉంది?" అన్నారు మంత్రిగారు.

"మెత్తగా ఉంది సార్," అన్నారు ఇంజనీరుగారు, తొడలు వణుకుతుండగా.